చెవులు ఎటు తిరిగి ఉన్నాయి? గుర్రమూ రౌతూ ఉన్న ఫోటోల్లో ఏరివేత గురించి

ఒక గుర్రాన్నీ దాని రౌతునీ ఒక సాయంత్రం పూట ఫోటోలు తీస్తే వందల ఫ్రేములు పోగవుతాయి. ఫోటోగ్రాఫర్ పోర్ట్‌ఫోలియోలోకి చేరేది వాటిలో ఒకటి, మహా అయితే రెండు. ఆ ఒక్కటీ ఏది? ఎవరి కళ్ళతో చూసి తేల్చాలి? గుర్రాలను ఫోటో తీయడం నేర్పే పుస్తకాలకూ తరగతులకూ కొరత లేదు. ఏరడం గురించి మాత్రం మాటలు తక్కువ. ఉన్న మాటలు కూడా ‘మంచివి పదిహేనో ఇరవయ్యో పెట్టండి’ అన్నచోటే ఆగిపోతాయి. మంచివి అంటే ఏవన్నదే అసలు చిక్కు.

ఈ రకం ఫోటోకు తీర్పరులు ముగ్గురు. రౌతు తన ముఖం, నడుం నిలిపిన తీరు, పగ్గాలు పట్టిన చేతులు చూసుకుంటారు. గుర్రాలు పెంచేవారి చూపు మొదట కాళ్ళ మీదికి, తరువాత మెడ మీదికి, ఆపైన చెవుల మీదికి పోతుంది. మనిషి ముఖం వారికి ఆఖరు. పత్రిక ఎడిటరో గ్యాలరీ వాళ్ళో వెలుతురునూ కూర్పునూ చూస్తారు, గుర్రం ఏ కాలు ఎక్కడ వేసిందో వారికి పట్టదు. ఒకే ఫోటో ముగ్గురికీ నచ్చడం అరుదు. ఎవరి మాట వినాలన్నదాని మీదే ఈ రంగంలో వాదాలన్నీ నడుస్తున్నాయి. నా అభిప్రాయం ఇది: ఈ ముగ్గురికంటే ముందు గుర్రాన్ని అడగాలి. రౌతు ఎంత అందంగా కుదిరినా, వెలుతురు ఎంత చక్కగా పడినా, గుర్రం ఇబ్బందిలో ఉన్న ఫోటోకు పోర్ట్‌ఫోలియోలో చోటు లేదు. ఈ నియమం జాలి కోసం మాత్రమే కాదు. గుర్రం, మనిషి కలిసి ఉన్న గొప్ప బొమ్మలు ఎందుకు గొప్పవయ్యాయో వెనక్కి వెళ్ళి చూసినా తేలేది ఇదే.

గుర్రం మీది మనిషి బొమ్మ అధికారం చాటడానికి పుట్టింది. మ్యూల్‌బర్గ్ యుద్ధం గెలిచిన ఐదో చార్లెస్ చక్రవర్తిని 1548లో టిషియన్ గుర్రం మీద చిత్రించాడు. తరువాతి శతాబ్దంలో వెలాస్కెజ్ స్పెయిన్ రాజకుటుంబాన్ని వరసగా గుర్రాలెక్కించాడు. జాక్ లూయీ డావిడ్ 1801 నుంచి 1805 దాకా, ఆల్ప్స్ దాటుతున్న నెపోలియన్‌ను ఐదుసార్లు వేశాడు: గుర్రం వెనక కాళ్ళ మీద లేచి ఉంటుంది, నెపోలియన్ తొణకడు. నిజానికి ఆయన ఆల్ప్స్ దాటింది కంచరగాడిద మీద. పాల్ దెలారోష్ 1850లో ఆ సంగతిని ఉన్నదున్నట్టు వేశాడు. డావిడ్ బొమ్మ లోకమంతా తిరిగింది, దెలారోష్ బొమ్మ చాలామందికి తెలియదు. ఈనాటి పోర్ట్‌ఫోలియోల్లో ఎగిరే జూలు, లేచిన ముందుకాళ్ళు అంత మోజుగా కనబడడానికి మూలం డావిడ్ లాంటివారి దగ్గరే ఉంది. అక్కడ గుర్రం సింహాసనం చేసే పనే చేస్తుంది. దానికి ముఖం ఉందన్న సంగతి చూసేవారికి గుర్తే రాదు.

మన డెక్కన్ చిత్రకారుల దారి వేరు. చేతి మీద డేగతో వేటకు బయలుదేరిన రాణి చాంద్ బీబీని 18వ శతాబ్దంలో పదేపదే వేశారు. గుర్రం పక్క నుంచి పూర్తిగా కనబడుతుంది. ఆ కాలపు చిత్రాల్లో చాలా గుర్రాల కాళ్ళకూ తోకకూ గోరింట రంగు ఉంటుంది. పక్కన పరిచారకులు నడుస్తుంటారు. రాజసం తగ్గదు, కానీ గుర్రాన్ని అలంకరించిన చేతులూ వెంట నడిచిన మనుషులూ బొమ్మలో ఉంటారు.

గుర్రాన్నే మనిషితో సమానంగా చూసిన చిత్రకారుడు ఇంగ్లండులో జార్జ్ స్టబ్స్. ఎన్నో నెలలు గుర్రాల కళేబరాలను కోసి చూసి, 1766లో గుర్రం శరీర నిర్మాణం మీద పుస్తకం వేసినవాడు. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న ఆయన ‘విసిల్‌జాకెట్’ దాదాపు నిజమైన గుర్రమంత ఉంటుంది. రౌతు లేడు, జీను లేదు, వెనక చెట్టూ కొండా లేవు. కానీ మన ప్రశ్నకు అంతకంటే దగ్గరి చిత్రం ‘హాంబిల్టోనియన్, రబ్బింగ్ డౌన్’. 1799లో న్యూమార్కెట్‌లో హాంబిల్టోనియన్ అనే గుర్రం డైమండ్ అనే గుర్రాన్ని వెంట్రుక వాసిలో ఓడించింది. గెలుపు గుర్తుగా యజమాని బొమ్మ వేయించుకున్నాడు. స్టబ్స్ వేసినదేమో గెలుపు ముగిసిన తరువాతి అలసటను. చెవులు వెనక్కి వాలి ఉన్నాయి, నోరు తెరుచుకుంది. పగ్గం పట్టిన శిక్షకుడు ఒక పక్క, గుర్రం వీపు మీద చెయ్యి వేసి మన వైపు చూస్తున్న సాల కుర్రవాడు మరో పక్క. జాకీ ఎక్కడా లేడు. బొమ్మకు ఇవ్వాల్సిన డబ్బుల దగ్గర స్టబ్స్‌కూ యజమానికీ వచ్చిన తగాదా కోర్టు దాకా వెళ్ళింది. నా లెక్కలో గుర్రమూ మనిషీ కలిసి ఉన్న బొమ్మల్లో ఇంతకు మించినది లేదు. ఇబ్బందిలో ఉన్న గుర్రానికి చోటు లేదన్న నా నియమానికి ఇది ఎదురు కాదా అని ఎవరైనా అడగవచ్చు. కాదు. స్టబ్స్ ఆ అలసటను దాచలేదు, అందం పేరుతో అమ్మలేదు. బొమ్మ విషయమే అది. నేను వద్దనేది, గుర్రం బాధ పడుతుండగా దాన్ని గమనించకుండా రౌతు చిరునవ్వును చూపించే ఫోటోను.

ఇక కెమెరా. గుర్రం దౌడు తీసేటప్పుడు నాలుగు కాళ్ళూ ఒకేసారి గాలిలోకి లేస్తాయా లేదా అన్న ప్రశ్నకు 1878 జూన్‌లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో జవాబు దొరికింది. గుర్రాల యజమాని లీలాండ్ స్టాన్‌ఫర్డ్ పరుగుబాట పక్కన ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరసగా కెమెరాలు నిలిపి, శాలీ గార్డ్‌నర్ అనే ఆడగుర్రం పరుగును ముక్కలు ముక్కలుగా పట్టాడు. కాళ్ళు గాలిలో ఉండడం నిజమే. అయితే చిత్రకారులు అంతవరకూ వేసినట్టు ముందుకీ వెనక్కీ చాచినప్పుడు కాదు, నాలుగూ పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు. లూవ్ర్ మ్యూజియంలో ఉన్న, చిత్రకారుడు జెరికో 1821లో వేసిన ఎప్సమ్ డెర్బీ చిత్రంలో గుర్రాలు బాణాల్లా చాచుకుని గాలిలో తేలుతుంటాయి. అలాంటి క్షణం పరుగులో లేదు. ఆ ఫోటో కార్డు మీద ముద్రించిన వివరాల్లో గుర్రం పేరుంది, యజమాని పేరుంది, తేదీ ఉంది. పైన కూర్చుని నడిపిన జాకీ పేరు లేదు. ఆ సంగతికి చివర్లో వస్తాను.

మైబ్రిడ్జ్ తరువాత, సరైన క్షణం ఏదన్న ప్రశ్న ఫోటోగ్రాఫర్ నెత్తిన పడింది. గుర్రాల లోకం తన జవాబులు తాను ఏర్పరచుకుంది. ట్రాట్ అనే నడకలో ఎదురెదురు మూలల కాళ్ళు జంటగా కదులుతాయి కాబట్టి, ఆ జంటలు ఒకదానికొకటి సమాంతరంగా తెరుచుకున్న క్షణం కావాలి. క్యాంటర్ అనే పరుగులో ముందు భాగం పైకి లేచిన క్షణం కావాలి. ముందుకాలి మీద బరువంతా పడి తల కిందికి దిగిన క్షణం ఎంత వెలుతురులో తీసినా పనికిరాదు. దూకేటప్పుడు ముందుకాళ్ళు ముడిచి, మెడ ముందుకు చాచి, గుర్రం అడ్డుకర్ర మీదికి వచ్చిన క్షణం. అమ్మకానికి గుర్రాన్ని నిలబెట్టి తీసే ఫోటో లెక్క వేరే: కెమెరా పొట్ట ఎత్తులో, గుర్రం సరిగ్గా పక్కవాటుగా, కెమెరాకు దగ్గరి ముందుకాలు కాస్త ముందుకీ వెనకకాలు కాస్త వెనక్కీ ఉండి, అవతలి కాళ్ళు రెండూ వాటి మధ్య కనబడాలి. ఇవి చాదస్తాలని కళాఫోటోగ్రాఫర్లు కొట్టిపారేస్తుంటారు. నేను ఒప్పుకోను. కాలు తప్పిన క్షణంలో మంచి గుర్రం కూడా కుంటుతున్నట్టు కనబడుతుంది, అది గుర్రం మీద వేసే అబద్ధపు నింద. అలాగని ఈ నియమాలన్నీ పాటించిన ఫోటో మంచి పోర్ట్రెయిట్ అయిపోదు. ముప్ఫై గుర్రాల అమ్మకపు ఫోటోలు వరసగా పెడితే ఒకే గుర్రానికి రంగులు మార్చినట్టుంటుంది. అందుకే అమ్మకపు ఫోటోలు, పోటీల ఫోటోలు, పోర్ట్రెయిట్లు మూడూ వేరువేరు పోర్ట్‌ఫోలియోల్లో ఉండాలి.

సామాన్ల విషయంలోనూ గుర్రాల మనుషుల కన్ను ఇంత పదునే. చెన్నై అన్నాసాలై దగ్గర సర్ థామస్ మన్రో గుర్రం మీద కూర్చున్న కంచు విగ్రహం ఉంది. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు కలెక్టరుగా మన రాయలసీమలో తిరిగి, 1827లో పత్తికొండ దగ్గర కలరాతో పోయిన మన్రోయే. ఆ విగ్రహానికి జీను లేదు, రికాబులు లేవు. శిల్పి ఫ్రాన్సిస్ చాంట్రీ మరిచిపోయాడని ఒక కథ పుట్టి నేటికీ తిరుగుతోంది. లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో చాంట్రీ చేసిన నాలుగో జార్జి విగ్రహానికీ రికాబులు లేవు. కాబట్టి అది మరపు కాదు, శిల్పి కోరి ఎంచుకున్న పద్ధతి. అయినా చూసినవారి నోట మొదట వచ్చేది రికాబుల మాటే. మెలితిరిగిన కళ్లెపు పట్టీ, వదులైన నడుం పట్టీ, చేతికి చుట్టుకున్న తాడు ఉన్న ఫోటోను గుర్రాల వాళ్ళ ముందు పెడితే మిగతా ఏ గుణమూ వారికి కనబడదు. చేతికి తాడు చుట్టుకోవడం ప్రమాదం కూడా. గుర్రం బెదిరి లాగితే వేళ్ళు పోతాయి. అలాంటి ఫోటో తీసి పక్కన పెట్టాల్సిందే.

గుర్రం, రౌతు పోర్ట్రెయిట్‌కు ఒక చిక్కు పుట్టుకతోనే ఉంది: రెండు ముఖాలు. మనిషి ముఖం జానెడు, గుర్రం ముఖం మూరకు మించి. మనిషి కళ్ళు ముందుకి, గుర్రం కళ్ళు పక్కలకి. రౌతు జీను మీద ఉంటే ఆ రెండు ముఖాల మధ్య మీటరు దూరం. గుర్రం మొత్తాన్నీ ఫ్రేములో పట్టిస్తే రౌతు ముఖం బటానీ గింజంత అవుతుంది. అందుకే మంచి పోర్ట్రెయిట్లలో చాలావాటిలో రౌతు నేల మీదే ఉంటారు, గుర్రం భుజం పక్కనో చెంప పక్కనో. అప్పుడు కూడా లెన్స్ లెక్క తప్పదు. ఐదు మీటర్ల దూరం నుంచి 200 మి.మీ. లెన్సుతో, ఎఫ్/2.8 దగ్గర, ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో స్పష్టంగా వచ్చే లోతు సుమారు 10 సెంటీమీటర్లు. గుర్రం కన్ను, మనిషి కన్ను అంత సన్నటి పొరలో ఇమడడం కష్టం. ఎఫ్/5.6కి వెళితే లోతు రెట్టింపవుతుంది, కానీ వెనక ఉన్న కంచె కూడా ముందుకొస్తుంది. దగ్గరికి వెళ్ళి వెడల్పు లెన్సుతో తీస్తే మూతి పెద్దదై, కాళ్ళు పొట్టివై, గుర్రం రూపమే మారిపోతుంది. తప్పు లెన్సుది కాదు, దగ్గరితనానిది.

ఏరేటప్పుడు ఈ చిక్కు ఇలా తేలుతుంది: రెంటిలో ఏదో ఒక కన్నే పదునుగా ఉంటే, ఏ కన్ను? పెళ్ళి ఫోటోల అలవాటున్నవారు మనిషి కన్ను అంటారు. గుర్రాల ఫోటోగ్రాఫర్లు చాలామంది గుర్రం కన్నే అంటారు. నేను ఫోటోనుబట్టి పోతాను. రౌతు గుర్రం వైపు చూస్తున్న ఫోటోలో గుర్రం కన్ను స్పష్టంగా ఉండాలి, ఎందుకంటే మన చూపు కూడా రౌతు చూపు వెంట అక్కడికే పోతుంది. ఇద్దరూ కెమెరా వైపే చూస్తున్న ఫోటోలో రెండూ ఉండాలి, లేకపోతే ఫోటో తీసేయాలి. నిజానికి ఇద్దరూ కెమెరాను చూసే ఫోటోలు పోర్ట్‌ఫోలియోలో ఎన్నో అక్కర్లేదు. ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తున్నవి, ఒకరినొకరు చూసుకుంటున్నవి, ఒకరు పనిలో ఉంటే మరొకరు కాచుకుని ఉన్నవి ఎక్కువ మాట్లాడతాయి. జోసెఫ్ కౌడెల్కా 1968లో రొమేనియాలో తీసిన ఒక ఫోటో ఉంది: నేల మీద గొంతుక్కూర్చున్న మనిషి చెయ్యి కదిపి ఏదో చెబుతున్నాడు, గుర్రం తల వంచి వింటున్నట్టుంది. అక్కడ ఎవరూ మనకోసం నిలబడలేదు.

ఈ పదిహేనేళ్ళుగా పోర్ట్‌ఫోలియోలను ఏలుతున్నది నల్లటి వెనకతెర. గుర్రాన్ని సాల గుమ్మం అంచున నిలబెడితే బయటి వెలుతురు ముఖం మీద పడుతుంది, వెనక చీకటి ఉంటుంది. మిగిలిన బూడిద రంగును కంప్యూటర్ మీద నల్లగా చేస్తారు, తలకు కట్టిన తాడును చెరిపేస్తారు. ఖర్చు లేదు, వానాకాలంలోనూ కుదురుతుంది, జూలు వెంట్రుక వెంట్రుకా కనబడుతుంది. నల్లగుర్రం చెవి అంచు చీకట్లోంచి వెలిగి రావడం నిజంగా బాగుంటుంది. కానీ ఇరవై ఫోటోల్లో పద్దెనిమిది ఇవే అయితే, తీసినవారి పేరు కప్పేస్తే ఎవరివో చెప్పలేం. వెనకతెర తప్పు కాదు. యాన్ ఆర్తూస్ బెర్ట్రాండ్ ప్రపంచమంతా తిరిగి గుర్రాలను వాటి మనుషులతో సహా ఒక ముతక గుడ్డ తెర ముందు నిలబెట్టి తీశాడు. తెర అంచులు దాటి అక్కడి నేల, ఆకాశం కనబడుతుంటాయి. మనిషి బట్టలు, నిలబడిన తీరు, గుర్రం సామాను ఆ ఊరి కథ చెబుతుంటాయి. తెర అన్ని చోట్లా ఒకటే కాబట్టి తేడాలు బయటపడతాయి. నల్లటి తెర అలవాటు తేడాలను మింగేస్తోంది. వేరువేరు పాదుల్లో పెరిగిన మొక్కలను పీకి, అన్నీ ఒకే కుండీలో నాటినట్టు ఉంటుంది.

దీనికి విరుగుడు కావాలంటే మార్తా కమరీయో ఫిలడెల్ఫియాలో తీసిన ‘ఫ్లెచర్ స్ట్రీట్’ ఫోటోలు చూడాలి. పేద నల్లజాతి వాడలో గుర్రాలు పెంచుకునే కుర్రవాళ్ళు, ఇటుక గోడలు, తారు రోడ్డు. ఆ గోడలు తీసేస్తే ఫోటోలో ఏమీ మిగలదు. ఇక రౌతే లేని దిక్కున షార్లట్ డ్యూమస్ చేసిన పని ఉంది. అమెరికా ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో శవపేటికల బండ్లు లాగే గుర్రాలను ఆమె రాత్రిపూట సాలలో, కునుకు పడుతున్న వేళ తీసింది. 2012లో ‘అనిమా’ పేరుతో ప్రదర్శించింది. అక్కడా చీకటే ఉంది. అది ఆ గుర్రాలు నిజంగా నిలబడి ఉన్న చీకటి.

ఇప్పుడు చెవుల సంగతి. గుర్రం చెవి దాని ధ్యాస ఎక్కడుందో చెబుతుంది. రెండూ ముందుకు నిక్కి ఉంటే ఎదుట ఏదో దాన్ని ఆకట్టుకుంది, ఒకటి వెనక్కి తిరిగితే రౌతు మాట వింటోంది, రెండూ అణగి మెడకు ఆనుకుంటే కోపమో నొప్పో. ఫోటోగ్రాఫర్లు చెవులు నిక్కించడానికి ఒక సహాయకుణ్ణి పెట్టుకుని ప్లాస్టిక్ సంచి గలగలలాడిస్తారు, ఫోన్‌లో సకిలింపు వినిపిస్తారు. కొద్దిసేపు ఫరవాలేదు; అదే పనిగా చేస్తే గుర్రం కళ్ళలో బెదురు చేరి, ముక్కుపుటాలు బిగుస్తాయి. చెవులు సరిగ్గా ఉండీ కళ్ళు తప్పుగా ఉన్న ఫోటోలు ఎన్నో పోర్ట్‌ఫోలియోల్లో ఇలాగే చేరాయి.

నొప్పిని ముఖంలో చదవడానికి ఇప్పుడు శాస్త్రం ఆధారాలిచ్చింది. 2014లో ప్రచురితమైన గుర్రపు ముఖకవళికల కొలమానం ఆరు గుర్తులు చూడమంటుంది: బిగుసుకుని వెనక్కి పోయిన చెవులు, కన్ను చుట్టూ బిగువు, కన్ను పైన బిగువు, ఉబ్బిన దవడ కండరాలు, బిగిసిన మూతీ గడ్డమూ, బిగిసిన ముక్కుపుటాలు. స్వారీలో ఉన్న గుర్రం కోసం పశువైద్యురాలు స్యూ డైసన్ బృందం 2018లో 24 ప్రవర్తనల జాబితా ఇచ్చింది. వాటిలో ఎనిమిదో అంతకు మించో కనబడితే కండరాల్లోనో ఎముకల్లోనో నొప్పి ఉండే అవకాశం ఎక్కువ. నోరు తెరవడం, తోక విసరడం, తల ఛాతీ వైపు మరీ ముడుచుకోవడం లాంటివి అందులో ఉన్నాయి.

రౌతులు ఇక్కడ ఒక అభ్యంతరం చెబుతారు, అది న్యాయమైనదే. సెకనులో వెయ్యో వంతులో తీసిన ఒక్క ఫోటో చూసి గుర్రం బాధలో ఉందని ఎలా అంటారు? ఈగ వాలినా చెవి వెనక్కి పోతుంది. డైసన్ జాబితాలో కూడా కొన్ని గుర్తులు సెకన్ల తరబడి నిలిస్తేనే లెక్కకు వస్తాయి. పత్రికలో ఆ ఒక్క ఫోటో చూసిన పాఠకుడికి జవాబు దొరకదు. కానీ ఫోటోగ్రాఫర్‌కు దొరుకుతుంది, ఎందుకంటే ముందరి పది ఫ్రేములూ తరువాతి పది ఫ్రేములూ ఆయన దగ్గరే ఉన్నాయి. ఎంపికలో నేను అన్నిటికంటే గట్టిగా పట్టుబట్టే పద్ధతి ఇదే. ఏ ఫోటో నచ్చినా దాన్ని ఒంటరిగా చూసి తేల్చకూడదు. ఇరుపక్కల ఫ్రేములూ తెరిచి చూడాలి. చెవులు ఒక్క ఫ్రేములోనే వెనక్కి పోయి మిగతా అన్నిటిలో హాయిగా ఉంటే, ఆ హాయిగా ఉన్న ఫ్రేముల్లోంచి తీసుకోవాలి. మిగతా అన్నిటిలో బిగువుగా ఉండి ఈ ఒక్కదానిలోనే చెవులు నిక్కితే, ఫోటో ఎంత బాగున్నా ఆ వరస మొత్తం వదిలేయాలి. రెండోది చేయడం కష్టం. రౌతు అడుగుతున్నారు, వెలుతురు మళ్ళీ రాదు, ఫోటో నిజంగా అందంగా ఉంది. అయినా అది ఆ గుర్రం గురించి అబద్ధం చెబుతోంది.

గుర్రపు క్రీడల మీద జనం నమ్మకం సడలుతున్న రోజులివి. అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య 2022లో గుర్రాల సంక్షేమం మీద ఒక కమిషన్ వేసింది. అంతకుముందే, 2021 నుంచి, డ్రెసాజ్ అనే స్వారీ నైపుణ్యపు పోటీల్లో పొడవాటి టోపీలకు బదులు హెల్మెట్ తప్పనిసరి చేసింది. ఇవన్నీ పోర్ట్‌ఫోలియోను తాకుతాయి. పొడుగు గౌను తొడుక్కుని హెల్మెట్ లేకుండా గుర్రాన్ని పరిగెత్తించే యువతి ఫోటో పదేళ్ళ క్రితం గోడల మీద ఉండేది. ఇప్పుడు చాలామంది దాన్ని తీసేశారు. నేల మీద నిలబడి తీసే ఫోటోకు హెల్మెట్ అడగడం అర్థంలేనిది. సైనిక కవాతులో తలపాగా సంప్రదాయం, దాని జోలికి పోనక్కర్లేదు. పిల్లలు జీను మీద ఉన్న ఫోటోలో మాత్రం హెల్మెట్ లేకపోతే, ఎవరు అడిగినా, పెట్టకూడదు. ఆ ఫోటో చూసి ఇంకొకరి బిడ్డ అలా ఎక్కుతుంది.

దిద్దుబాట్ల విషయం త్వరగా చెప్పేస్తాను. తలతాడు చెరపడం, కంచె తీసేయడం, పేడ కనబడకుండా చేయడం అందరూ చేసేవే, పోర్ట్రెయిట్‌లో నేను తప్పు పట్టను. జీను ఒరుసుకుని పుట్టిన తెల్లమచ్చలు, పాత గాయాల గుర్తులు, నుదుటి సుడులు ముట్టుకోకూడదు. అవే ఆ గుర్రాన్ని ఆ గుర్రంగా చేసేవి. అమ్మకపు ఫోటోలో కాళ్ళ ఆకారం దిద్దడం మోసం.

సంఖ్య గురించి ఫోటోగ్రాఫర్లు గంటలు వాదిస్తారు. రాబర్ట్ ఫ్రాంక్ అమెరికా అంతా తిరిగి 27 వేలకు పైగా ఫ్రేములు తీసి, ‘ది అమెరికన్స్’ పుస్తకంలో 83 ఉంచాడు. ఆ పుస్తకం 1958లో పారిస్‌లో వచ్చింది. పోర్ట్‌ఫోలియోకు అంత అక్కర్లేదు, ఇరవై చాలు, పన్నెండైనా చాలు. ఫ్రాంక్ దగ్గర నేర్చుకోవలసింది సంఖ్య కాదు, వరస. ఒక ఫోటో పక్కన ఇంకొకటి ఎందుకుందో తెలియాలి. నా సలహా: ఒకే గుర్రానివి రెండు మించకూడదు, తెలుపు, నలుపు, ఎరుపు ఒంటివన్నీ ఉండాలి, ఎందుకంటే తెల్లగుర్రాన్ని ఎండలో, నల్లగుర్రాన్ని నీడలో తీయగలగడమే చేతి పరీక్ష; ముసలి గుర్రం ఒకటైనా ఉండాలి. గుర్రాలు పాతికేళ్ళు, ముప్ఫై ఏళ్ళు బతుకుతాయి. పాశ్చాత్య దేశాల్లో చివరి రోజుల్లో ఉన్న గుర్రంతో ఫోటోలు తీయించుకునేవారు ఇప్పుడు ఎక్కువయ్యారు. వంగిన వీపు, కళ్ళపైన గుంటలు ఉన్న ఆ ఫోటోల్లో రౌతు చేతులు గుర్రం మీద ఉన్న తీరు చూస్తే, ఎగిరే జూలున్న ఏ ఫోటోలోనూ దొరకనిది దొరుకుతుంది. యజమాని ఒప్పుకుంటే వాటిని ముందే పెట్టాలి.

ఒప్పుకోవడం మాట వచ్చింది కాబట్టి చట్టం తెలియాలి. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు డబ్బిచ్చి అడిగి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు తీయించుకున్నవారే. అమెరికాలో ఇందుకు భిన్నంగా, స్వతంత్రంగా పనిచేసే ఫోటోగ్రాఫర్ రాసి ఇచ్చేస్తే తప్ప హక్కు తన దగ్గరే ఉంటుంది. అక్కడి సలహాలు చదివి ఇక్కడ పని చేసేవారు ఈ తేడా గమనించరు. హైదరాబాద్‌లో ఒక స్వారీ పాఠశాల విద్యార్థి ఫోటో మీరు డబ్బు తీసుకుని తీసి, కాగితం రాసుకోకుండా మీ పోర్ట్‌ఫోలియోలో పెడితే, హక్కు మీది కాకపోవచ్చు. ఫీజు మాట్లాడుకునే రోజే, పోర్ట్‌ఫోలియోలో వాడుకునేందుకు అనుమతి ఒక్క వాక్యంలో రాసి సంతకం పెట్టించుకోవాలి. గుర్రం వేరొకరిదైతే వారి సంతకమూ కావాలి.

ఇక పేర్లు. మైబ్రిడ్జ్ కార్డు మీద జాకీ పేరు లేదు. చాలా పోర్ట్‌ఫోలియోల్లో ఈ లోపం తిరగబడింది: రౌతు పేరుంటుంది, గుర్రం పేరుండదు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో భారత డ్రెసాజ్ జట్టు 41 ఏళ్ళ తరువాత అశ్వక్రీడల్లో స్వర్ణం తెచ్చినప్పుడు, ఫలితాల పట్టికలో అనూష్ అగర్వాల్లా పక్కన ఎట్రో, సుదీప్తి హజేలా పక్కన చిన్‌స్కీ, దివ్యకృతి సింగ్ పక్కన ఎడ్రినలిన్ ఫిర్‌ఫోడ్, హృదయ్ ఛేడా పక్కన కెమ్‌ఎక్స్‌ప్రో ఎమరాల్డ్ అని రాసి ఉంది. క్రీడ జంటగానే లెక్క కడుతుంది. ఫోటో కింద కూడా రెండు పేర్లూ ఉండాలి.

మూడో పేరు కూడా ఒకటి ఉంది. మలక్‌పేట రేసుకోర్సులో గెలిచిన గుర్రాన్ని యజమాని పగ్గం పట్టి నడిపించుకొచ్చే ఫోటో అందరికీ తెలిసినదే. సాధారణంగా అవతలి పక్క పగ్గం పట్టుకుని సైసు ఉంటాడు, సగం ఫ్రేము బయట. తెల్లవారకముందే గుర్రాన్ని తోమేది, మేత పెట్టేది, గిట్టల్లో మట్టి తీసేది ఆయనే. గుర్రం చెవులు ఆయన వైపు తిరిగినంత సులువుగా ఇంకెవరి వైపూ తిరగవు. స్టబ్స్ 1800 ప్రాంతంలో సాల కుర్రవాణ్ణి బొమ్మలోకి తెచ్చి పెట్టాడు, పేరు మాత్రం మనకు దక్కలేదు. హైదరాబాద్‌లో రేసుకోర్సు ఉంది, స్వారీ క్లబ్బులున్నాయి, పోలీసు అశ్వదళం ఉంది. ఈ సాలల్లో పనిచేసే సైసులనూ వారి గుర్రాలనూ జంటగా, నిలువు పోర్ట్రెయిట్లుగా, ఇరువురి పేర్లతో తీసి వరసగా పెట్టిన తెలుగువారి పోర్ట్‌ఫోలియో ఒకటి నా కంటపడాలని ఉంది. అలా తీసేవారు ముందు సైసు అనుమతి అడగాలి, ప్రింటు ఒకటి ఆయనకివ్వాలి, పేరు ఆయన చెప్పిన స్పెల్లింగుతోనే వేయాలి.